ఎర్ర బూటు, నల్ల బూటు

అన్నయ్యా,

ఫోనెత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. చిన్నప్పుడు మనం ముగ్గురం ఆడిన వీడియో గేమ్ టీవీలో యానిమే కార్టూన్‌గా వస్తోంది, చూశావా? చెత్తగా తీశారు. ఆ డ్రాగన్‌ని చూస్తే భయం కాదు, జాలేస్తుంది.

కానీ ప్రతి ఎపిసోడ్‌లోనూ జనం వెనకాల ఒకడుంటున్నాడు. ఒక కాలికి ఎర్ర బూటు, రెండో కాలికి నల్ల బూటు. చనిపోకముందు మన తమ్ముడు తయారుచేసుకున్న వీరుడే! మనింటి గేమ్‌లో తప్ప వాడెక్కడా లేడు కదా?

"బొమ్మలేసేవాడి సరదా. నీదంతా చాదస్తం," అంటారు మీ బావగారు.

తమ్ముడు తన ఆట అయిపోగానే వీరుణ్ణి నేలమీద కూర్చోబెట్టి మరీ తర్వాతి వంతువాళ్లకి కంట్రోలర్ అందించేవాడు, గుర్తుందా? నిన్నటి ఎపిసోడ్‌లో ఆ వీరుడు అందరినీ దాటుకుని ముందుకొచ్చి, నావైపే చూస్తూ కూర్చున్నాడు.

తమ్ముడి తర్వాత వంతు ఎప్పుడూ నీదే. ఒంట్లో బాగానే ఉంది కదూ?

నీ చెల్లి