తెలీదన్న మేనేజరు

కడప

ప్రియమైన హనుమేష్ అన్నకు,

నిన్న మహాదేవమ్మ డాక్టరమ్మ ముందు నా పరువు తీసింది మీరే. వేరెవరైనా అయితే ఊరుకునేవాణ్ణి. మేనేజర్లను సార్ అనే ఈ ఉద్యోగంలో, అన్నా అని పిలవమన్న మనిషి చేశాడు కాబట్టి రాస్తున్నాను.

రంజాన్ దగ్గరికొస్తోంది, రోజా ఉండే షుగర్ పేషెంట్లకు మన కొత్త మాత్ర ఎట్లా ఇవ్వాలని ఆవిడ అడిగింది. ఏం కాదు మేడమ్, మామూలుగానే ఇవ్వచ్చని నేను గట్టిగా చెప్పాను. మెడికల్ రెప్ డాక్టర్ ముందు తడబడకూడదని కదా ఈ పనిలో మొదట నేర్పేది! అంతసేపూ నా పక్కన నోరు విప్పకుండా కూర్చున్న మీరు అప్పుడేమన్నారు? "మావోనికి తెలీదు మేడమ్. నాకూ తెలీదు. కనుక్కోని చెప్తాం."

వరండాలో కూర్చున్న వేరే కంపెనీల రెప్పులు విన్నారు. "ఏమప్పా ఓబుళేశూ, మీ కంపెనీలో తెలీదనేదానిక్కూడా ఒక మేనేజరుండాడే" అన్నాడొకడు. ఆ నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

సాయంత్రం టీ అంగడి దగ్గర కూడా మీరు అమ్మకాల గురించి అడగరు. ఈ రోజు మీకు తెలియని సంగతి ఏం ఎదురైందని ఒక్కొక్కరినీ అడుగుతారు. టార్గెట్లూ మా నెత్తినే, సందేహాలూ మా నెత్తినే అయితే ఇక నాయకుడు దేనికి? కంపెనీ శిక్షణలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇట్లాంటి నాయకుడు లేడు. ఈ ఉత్తరం నకలు కర్నూలు రీజనల్ ఆఫీసుకూ పంపుతున్నాను. చాటుగా కాదు, మీకు చెప్పే.

మీ
ఓబుళేశు


కడప, రంజాన్ నెల

అన్నా,

మిమ్మల్ని సస్పెండ్ చేయించి ఇంట్లో కూర్చోబెట్టింది నా ఉత్తరమే. కంపెనీ మందు మీద డాక్టర్లకు అనుమానం పుట్టించారని విచారణ దాకా పోతుందనుకోలేదు. మిమ్మల్ని పిలిచి నాలుగు చీవాట్లు పెడితే చాలనుకున్నాను. కోపంలో రాసిందల్లా న్యాయమే అనిపించింది నాకు.

మీ చోట వచ్చిన సుందరం సార్ ప్రతి ప్రశ్నకూ జవాబు అచ్చేసి చేతికిచ్చారు. తెలీదనే మాట టీంలో వినబడకూడదన్నారు. నేను కోరుకున్న నాయకుడే దొరికాడు. మొన్న కోయిలకుంట్లలో ఒక డాక్టరు అడిగినదానికి ఆ కాగితంలో జవాబు లేక, మన టీంలోని శశికళ అక్క నోటికొచ్చింది చెప్పి వచ్చింది. సాయంత్రం మన టీ అంగడి దగ్గర చల్లారిపోయిన టీ గ్లాసు పట్టుకుని, "ఇప్పుడెవర్ని అడగాల ఓబుళేశూ?" అంది.

నిన్న మహాదేవమ్మ మేడమ్ దగ్గరికి పోయాను. విచారణ కాగితం అందిన రోజున కూడా మీరు ఆవిడకు ఫోన్ చేశారట. కంపెనీ డాక్టర్లను అడిగి, కొందరికి మోతాదు మార్చాలని, కొందరిని రోజా ఉండొద్దనాలని చెప్పారట. "మా ఆటో బాషా మీ మాత్రేసుకునే రోజా ఉంటాడు. నువ్వు చెప్పిందే నమ్మింటే ఆయప్ప షుగర్ దిగిపోయి దావలోనే పడిపోయుండేవాడు. మీ అన్న తెలీదన్నందుకే నేను ఆగినా" అంది. తర్వాత, "ఆయన యాడుండాడు ఇప్పుడు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు తెలిసీ చెప్పలేకపోయానన్నా.

మీరు విచారణకు రాకుండా రాజీనామా పంపేస్తారని శశికళ అక్క చెప్పింది. పంపొద్దు. సాక్షిగా నన్ను పిలిచారు. నా ఉత్తరం నేనే చదివి, ఎక్కడ తప్పు రాశానో అక్కడ ఆగి చెప్తాను. అక్క కూడా వస్తోంది. టీంలో మిగతావాళ్ళు మా ఉద్యోగాలేమవుతాయని అడిగారు. తెలీదన్నాను. అయినా వస్తామన్నారు.

లోపల నేను తడబడితే మీరు అందుకోవద్దు. ఆ రోజులాగే నా పక్కన కూర్చోండి, చాలు.

సోమవారం పొద్దున తొమ్మిదికి, కర్నూలు ఆఫీసు గేటు ముందు. అందరం అక్కడే ఉంటాం. రా అన్నా.

నీ తమ్ముడు
ఓబుళేశు