ఎల్డన్ ఇచ్చేసిన పిస్తోలు

రోవెనా, మన ఎల్డన్ పిస్తోలు ఇచ్చేశాడు, నేనడక్కుండానే. కోడలు పోయినప్పటినుంచి దాన్ని దిండు కిందే పెట్టుకున్నాడు కదా. ఫోనులో చెబితే ఏడుస్తానని కార్డు రాస్తున్నాను. తూటాలు తీసి వేరే డబ్బాలో పోశాడు, పిస్తోలు పెట్టెకు తాళం వేసి తనే నా కారు డిక్కీలో సర్దాడు.

"న్యూయార్క్ రాష్ట్రం దాటేదాకా కాఫీ అంటూ ఎక్కడా దిగకు నాన్నా, అక్కడ తుపాకుల చట్టం గట్టిది, నీకేమో కబుర్లెక్కువ" అన్నాడు. ఎన్నాళ్లకు నన్ను వెక్కిరించాడో. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇది అమ్మకివ్వు. నేనొచ్చి అడిగినా ఇవ్వొద్దను" అన్నాడు.

ఆదివారం బయల్దేరి మన వెర్మాంట్ చేరతాను. తాళంచెవి దాచే చోటు చూసి ఉంచు, నాక్కూడా చెప్పకు. కోళ్లకు మేత ఉందా? మీ అక్క హెస్టర్‌కి, మా తమ్ముడు ఓరిన్‌కి, పాస్టరు గారికి వాడు పిస్తోలు ఇచ్చేశాడని చెప్పు. అందరికంటే ముందు కోడలి వాళ్లమ్మకి చెప్పు.