ఉడత ఫిర్యాదులో ఆరో పేరు

సైబర్ నేరాల ఫిర్యాదుల విభాగం అధికారి గారి సముఖమునకు,

లిఫ్టుల మరమ్మతు పనివాడు, వయసు ముప్పై నాలుగు, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇంటర్నెట్‌లో నా అక్కను అవమానించిన వారిపై ఇచ్చిన ఫిర్యాదును మూసివేయుట గురించి, దానిని తిరిగి తెరిచి, ఐదుగురు ముద్దాయిలతో పాటు నన్ను ఆరవవానిగా చేర్చుకొనవలసినదిగా కోరుట గురించి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నా అక్క ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లు పనిచేసినది. నాలుగేళ్ల కిందట ఇస్త్రీ యంత్రానికి వెళ్లే ఆవిరి గొట్టం పగిలి ఆమె మొహంలో ఎడమ సగం, చెవి, మెడ కాలిపోయాయి. మళ్లీ అదే పనికి వెళ్లేలోపు మూడు నెలలు మంచం మీద ఉంది. అద్దం అడుగుతుందేమోనన్న భయంతో నేను ఆడే ఆటను ఆమె ఫోన్‌లో కూడా పెట్టి ఇచ్చాను. కోటలు పట్టుకునే ఆట. ఎక్కడెక్కడి వాళ్లో జట్లుగా కలిసి ఆడతారు. ఎవరి మొహం ఎవరికీ కనబడదు, అసలు పేర్లతో పని లేదు. అందులో నేను గడ్డపారను. తను ఉడత అని పెట్టుకుంది. అదేం పేరని అడిగితే, ఉడతాభక్తిగా ఏదో ఒకటి చేస్తాలే అంది.

దెబ్బ తగిలినవాళ్లకు కట్లు కట్టే పాత్ర ఎంచుకుంది. పోట్లాట మధ్యలో పరుగెత్తుకొచ్చి మనిషిని లేపే పని అది. రెండేళ్లు తిరిగేసరికి ఉడత లేనిదే మేం కోట మీదికి వెళ్లం అనే జట్లు తయారయ్యాయి. మైకులో ఆమె గొంతు తమరు విని ఉండవలసింది. "వెనక్కి రా, నీకు ప్రాణం లేదక్కడ" అని ముక్కూమొహం తెలియని మగవాళ్లను గదమాయించేది, వాళ్లు నోరు మూసుకుని వచ్చేవాళ్లు. ఒంటి మీద కాలిన మచ్చ లేని రోజుల్లో కూడా ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

2. ఆ ఆటలో మొహం కాలినవాళ్లందరూ దుర్మార్గులే. అందరి కంటే పెద్ద దుర్మార్గురాలు ఒక రాణి. ఆటగాళ్లు ఆమెను మాడుమొహం అంటారు. నేనూ అన్నాను. అక్క పక్కన కూర్చుని ఉండగానే అన్నాను. అన్నానని కూడా గమనించుకోలేదు.

నిరుడు అక్క, కంపెనీవారి సైటులోనే నడిచే ఆ ఆట అభిమానుల గుంపులో ఈ కింది విధముగా రాసినది:

"మూడేళ్లుగా ఆడుతున్నాను. ఇందులో మొహం కాలినవాళ్లు పదిహేడుమంది ఉన్నారు. పదిహేడుమందినీ మనం చంపాలి. రాణిని మార్చమని అడగను, ఆవిడ నాకిష్టం. బజారులో బాణాలమ్మే మనిషికి అలాంటి మొహం పెట్టమని కంపెనీవాళ్లకు రాద్దామా? నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. ఆవిరికి కాలింది. నేనెవరినీ ఏమీ చేయలేదు."

ఇందులో తప్పు పట్టవలసిన మాట ఒక్కటైనా ఉంటే తమరే చెప్పవలెను.

3. మొదట నలుగురైదుగురు మంచి మాటే అన్నారు. తరువాత ఎవరో, ఈవిడ వల్ల కంపెనీవాళ్లు రాణిని తీసేస్తున్నారట అని పుట్టించారు. కంపెనీకి అప్పటికి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. కానీ సాయంత్రానికి ఆ మాటకు కాళ్లొచ్చాయి. ఆటలోకి ఏడుపులు తేవద్దన్నారు. రేపు కుంటివాళ్లు వస్తారు, ఎల్లుండి గుడ్డివాళ్లు వస్తారు అన్నారు. గుంపులో నలభై వేలమంది ఉన్నారు. అందరూ తిట్టలేదు. ఐదుగురు తిట్టారు, వేలమంది నవ్వారు, మిగిలినవాళ్లు చూశారు.

మూడో రోజున ఆ ఐదుగురిలో ఒకడు, లాండ్రీ అన్న మాట పట్టుకుని ఆసుపత్రి ఏదో కూపీ లాగి, వార్డు నడవాలో దుప్పట్ల బండి తోసుకుపోతున్న అక్కను ఫోటో తీశాడు. దానికి రాణి కిరీటం అతికించి, మాడుమొహం దొరికింది అని పెట్టాడు. వారం తిరగకుండా రోగుల తాలూకు మనుషులు ఆమె బండికి ఎదురొచ్చి ఫోటోలు తీసుకోవడం మొదలైంది.

4. లాండ్రీ సూపర్‌వైజరు మంచివాడే. నీ మంచికేనమ్మా అంటూ ఆమెను వార్డుల నుంచి తప్పించి, మురికి బట్టలు వేరుచేసే వెనక గదిలో వేశాడు. అక్కడ కిటికీ లేదు. బండి తోసుకుంటూ అన్ని అంతస్తులూ తిరగడం ఆమెకు ఆ ఉద్యోగంలో ఇష్టమైన ఒకే ఒక్క పని. రెండు నెలలు చూసి మానేసింది. ఆట కూడా మానేసింది.

5. నేను బతిమాలగా ఇంటర్నెట్‌లో ఫిర్యాదు పెట్టి, కొన్ని వారాలకు తమరు పిలిపిస్తే తమ కార్యాలయానికి వచ్చినది. బాధితురాలి గుర్తింపు కోసం మొహం ఫోటో తీయవలెనన్నారు. చున్నీ తీయమన్నారు, తీసింది. వరుసలో ఉన్నవాళ్లందరి ముందూ తీసింది. మూడుసార్లు ప్రయత్నించి తమ గుమాస్తా గారు, "మొహం నిండుగా రావట్లేదమ్మా, మెషిను తీసుకోవట్లేదు" అన్నారు. కొంచెం ఆ పక్కకు తిరగమన్నారు. ఆ పక్క బాగానే ఉంది కానీ యంత్రానికి రెండు పక్కలూ కావాలట.

నెల తరువాత వచ్చిన కాగితంలో "బాధితురాలి గుర్తింపు నిర్ధారణ కానందున ఫిర్యాదు మూసివేయడమైనది" అని ఉంది. నలభై వేలమంది ఒక్క చూపులో గుర్తుపట్టిన మొహాన్ని తమ కార్యాలయపు కెమెరా గుర్తుపట్టలేకపోయినదని మనవి.

6. ఇక నా సంగతి. అయ్యా, ఆ అభిమానుల గుంపుకు నిర్వాహకులు నలుగురు. వారిలో మొదటి పేరు గడ్డపార.

గొడవ రేగిన మొదటి రోజు సాయంత్రం తిట్లను తీసేసే అధికారం నా చేతిలో ఉన్నది. తీయలేదు. అక్క రాసినదాన్ని తీసేశాను. అదే పోతే అందరూ చల్లబడతారనుకున్నాను. ఎవరు తీశారని ఇంట్లో అక్క అడిగితే, మిగతావాళ్లెవరో తీశారని అబద్ధం చెప్పాను. లిఫ్టు గోతిలో నూనె మరకలతో పనిచేసి వచ్చే నన్ను అన్నా అని పిలిచే చోటు ఆ గుంపు ఒక్కటే. అది పోతుందేమోనని నా భయం. ఇది సాకు కాదు, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

కెమెరా ఫోటో తీసుకోని ఆ రోజే, ఫిర్యాదు మీద తమరు అడగగా ఆట కంపెనీవారు పంపిన కాగితాలను గుమాస్తా గారు మా ముందు తిరగేశారు. అందులో నిర్వాహకులు మాత్రమే మాట్లాడుకునే గదిలోని సంభాషణ కూడా ఉంది. "ఈవిడ మీకేమవుతారు?" అని ఆయన నన్ను అడిగారు. ఫారంలో రాయడానికే అడిగారు. అక్క అని చెప్పాను. అక్క అప్పటికే బల్ల మీదున్న కాగితం చదువుతోంది. అందులో మరో నిర్వాహకుడు, గడ్డపారా, ఆ ఉడత నీ జట్టుదే కదా, నీకేమవుతుంది అని అడిగాడు. కింద నా జవాబు ఉంది. ఏమీ కాదు.

ఆమె ఆ కాగితాన్ని తిరిగి బల్ల మీద పెట్టింది. చున్నీ కప్పుకుంది. బస్సులో నా పక్కనే కూర్చుంది. ఇంటికి వచ్చాక ఒక్క మాట అంది.

"వాళ్లకు నేనెవరో తెలీదురా. నీకు తెలుసు."

మూడో రోజున సంచి సర్దుకుని ఆడవాళ్ల హాస్టలుకు వెళ్లిపోయింది. మందుల పెట్టెలు కట్టే చోట పనికి కుదిరిందని అమ్మ ద్వారా విన్నాను. నా ఫోన్ ఎత్తదు. ఇది జరిగి ఏడు నెలలు అయినది. గుంపు నుంచి తప్పుకున్నాను. తప్పుకునే ముందు, ఉడత నా తోడబుట్టింది అని రాశాను. దాని కింద ఎక్కువమంది నవ్వు బొమ్మలే పెట్టారు.

కావున, తమరు దయతో ఫిర్యాదును తిరిగి తెరిపించి, యంత్రము అంగీకరించకున్నను మనిషి కంటితో చూసి ఆమె గుర్తింపును నమోదు చేయించవలసినదిగాను, ఆమె వాంగ్మూలం ఒక మహిళా ఉద్యోగి ద్వారా విడి గదిలో తీసుకొనవలసినదిగాను, ముద్దాయిల పట్టికలో గడ్డపార అను పేరును, దాని ఎదుట, విడి కాగితంలో జతపరచిన నా అసలు పేరును, చిరునామాను చేర్చవలసినదిగాను ప్రార్థన. చట్టంలో నా పనికి తగిన సెక్షను లేదని తమ గుమాస్తా గారు సెలవిచ్చారు. లేకపోయినను పేరు రాసుకొనవలెనని మనవి.

ఇందులో రాసినదంతా నిజమేనని నమ్మి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్
(గడ్డపార)

తా.క.: అయ్యా, ఆమెను పిలిచే రోజు నన్ను పిలవకండి. వేరే రోజు వస్తాను, ఎంతసేపైనా కూర్చుంటాను. నేను అక్కడుంటానని తెలిస్తే మా అక్క రాదు.