చక్రాలు ముడుచుకునే విమానం

సార్నియా, అక్టోబరు 14, ఆదివారం. పొద్దుటినుంచీ మబ్బు, నది వైపునుంచి చల్లగాలి. పెరట్లో రాలిన మేపుల్ ఆకులు ఊడ్చి సంచులకెత్తాను.

అన్నయ్యా,

నీకూ వదినకూ నమస్కారాలు. వదిన మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కగలుగుతోందా? మేమిద్దరం బాగున్నాం, బెంగ పెట్టుకోకండి. బేస్‌మెంట్‌లో అద్దెకున్న కాలేజీ పిల్లలూ బాగున్నారు. ఈ ఏడు కూడా ఇక్కడి కాలేజీకి మనవాళ్ళు చాలామంది వచ్చారు. బస్సులు తక్కువ కాబట్టి సరుకులకు వెళ్ళినప్పుడల్లా వాళ్ళనీ కారెక్కించుకుంటున్నాను. నిన్న ఒకమ్మాయి, "అంకుల్, మీకు నిజంగనే విమానం ఉన్నదా?" అంది. ఉందమ్మా, వయసులో నీకంటే పెద్దది అన్నాను.

ఆ విమానం సంగతే రాస్తున్నాను. రెజైనాలో ఉన్న మా అమ్మాయి సిరికి ఫిబ్రవరిలో కాన్పు. కమల డిసెంబరులోనే పెద్ద విమానంలో వెళ్ళి ఉగాది దాకా అక్కడే ఉంటుంది. నేను ప్లాంటు ఉద్యోగం వదిలి అన్నాళ్ళు ఉండలేను. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి చూసి రావాలి. మన పాతదాంట్లో గాలి ఎదురైతే రెండు రోజుల ప్రయాణం. చలికాలంలో ఇక్కడ వరసగా రెండు మంచి రోజులు దొరకవు. కిందటేడు అలాగే సగం దారిలో మంచు మబ్బులు కమ్మితే వెనక్కి తిరిగాను. సిరి వంట చేసి పెట్టుకుని కూర్చుంది పాపం.

ఓక్‌విల్‌లో మన గుంటూరు డాక్టరు గారు ఒకరున్నారు. రిటైరయ్యారు. గుండె బాగాలేదని ఈ ఏడు ఆయనకు విమానం నడిపే లైసెన్సు ఆపేశారు. అందుకని తన విమానం అమ్ముతున్నారు. వేగంగా పోతుంది, రెజైనాకి ఒక్క రోజు చాలు. రెక్కలు మన పాతదానికిలా పైన కాదు, కిందికుంటాయి. ఎగరగానే చక్రాలు కడుపులోకి ముడుచుకుంటాయి. "నీకయితేనే ఇస్తానయ్యా నారాయణా, వచ్చే ఆదివారంలోగా చెప్పు" అన్నారు.

పోయిన శనివారం నడిపి చూశాను. పక్క సీట్లో నేర్పే ఆయన, వెనక డాక్టరు గారూ కమలా. పైకి వెళ్ళడం బాగానే వెళ్ళాను. దిగబోతుంటే హారన్ మోగింది. ఎందుకో నాకు తట్టలేదు.

"ఏమయ్యా, పొట్టమీద దింపుతావా? చక్రాలేవీ?" అన్నారు డాక్టరు గారు వెనకనుంచి.

"చక్రాలు మర్చిపోవడమేమిటండీ, చెప్పులు మర్చిపోయినట్టు!" అంది కమల.

మళ్ళీ పైకి లేపి, ఒక చుట్టు తిరిగి, చక్రాలు దింపి దిగాను. మన పాతదానికి చక్రాలు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి. పుస్తకాలు చూసి అన్నీ నేర్చుకున్నాననుకున్నాను గానీ, ఆ అలవాటు చేతికి లేదు.

ఇంటికొస్తుంటే కమల, "రెక్క అడ్డమొచ్చి ఏమీ కనపడలేదండీ. ఫ్లాస్కు మూత తీసేలోపే దిగిపోయాం" అంది. పాతదాంట్లో తను కాఫీ పోస్తూ కింద కనిపించే ఊళ్ళ పేర్లు చెబుతుంది.

వారమంతా నువ్వే గుర్తొచ్చావు. సైకిలు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని కాలవ గట్టు వెంట బడికి తీసుకెళ్ళేవాడివి. ప్రతి రేవు దగ్గరా ఎవరో ఒకరు ఆపి పలకరించేవారు. మోపెడ్ కొన్నాక, వాళ్ళు చెయ్యెత్తేలోపే దాటిపోయేవాళ్ళం. కొన్నాళ్ళకి నువ్వు సాయంత్రాలు ఇంజను ఆపేసి దాన్ని తోసుకుంటూ, నాతో కబుర్లు చెబుతూ నడిచొచ్చేవాడివి. "పెట్రోలు మిగులుతుందిరా" అనేవాడివి. నేను నమ్మాను. విమానాన్ని అలా తోసుకురావడానికి లేదు.

ఇందాక డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"తీసుకుంటానండీ. ఒక్క మాట. నేర్చుకోవడం అయ్యాక మీరు నా పక్కన కూర్చోవాలి. దిగేటప్పుడల్లా చక్రాలేవీ అని అడగాలి."

"నా విమానంలో నడిపే సీటు వదిలి కుడివైపు నేనెప్పుడూ కూర్చోలేదయ్యా" అన్నారు. తర్వాత, "ఎన్నింటికి రమ్మంటావు?" అన్నారు.

మీ వీధి మాస్టారి అబ్బాయి జనవరిలో ఇక్కడి కాలేజీకి వస్తున్నాడన్నావు కదా, వదిన ఊరమిరపకాయలు కాసిని అతనితో పంపండి. అతని పెట్టెలో చోటు మిగిలితేనే. ఎయిర్‌పోర్టుకి నేను కారు తీసుకెళ్తానని వాళ్ళమ్మగారికి చెప్పు, భయపడొద్దను. పెదనాన్న గారికి మా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. సిరికి కాన్పు సుఖంగా కావాలని మీరిద్దరూ దీవించండి. నాకు చక్రాలు గుర్తుండాలని కూడా.

నీ తమ్ముడు,
నారాయణ

పాత విమానం చూడ్డానికి సాయంత్రం ఒకాయన వస్తానన్నారు. ఈలోపు వెళ్ళి దాని అద్దాలు తుడిచి, వెనక సీట్లో ఉన్న కమల శాలువా తీసుకురావాలి.