బ్యాంకాక్‌ల దిగంగనే సిమ్ము కొనుక్కో

బావా, నేను నార్కట్‌పల్లికి మా అమ్మోళ్లింటికి పోతున్న. నీ బ్యాగుల నా పాత ఫోన్ పెట్టిన. బ్యాంకాక్‌ల దిగంగనే అక్కడి సిమ్ము కొని దాంట్ల వేస్కో. దాని హాట్‌స్పాట్‌కే ల్యాప్‌టాప్ కలుపుకో. మన సిమ్ముల రోమింగ్ పెడితే ఇల్లు గుల్లయితది.

హోటల్ల ఫుకట్ వైఫై జోలికి మాత్రం పోకు. పోయినసారి అది కింద అందరు పోయే పాయఖాన కాడనే మంచిగ అందుతాందని, ల్యాప్‌టాప్ ఒళ్ల పెట్టుకొని ఆడనే కూసున్నవు. గప్పుడే ఈడ మా అమ్మోళ్లు నా కొంగుల ఒడిబియ్యం పోస్తాన్రు. నువ్వు కూసోవాల్సిన పీట మీద ఫోన్ పెట్టి నీకు వీడియో కాల్ కలిపిన్రు. నీ యెనుక నుంచి ఎవడో ప్యాంటు జిప్పు పెట్టుకుంట వచ్చె. మా వదినె ఫోన్ మీద తువ్వాల కప్పింది. థూ, గా బియ్యం వండుకుంటే ముద్ద దిగలే నాకు.

ఫోన్ చెయ్యకుంట మాత్రం ఉండకు. కెమెరా బంద్ పెట్టు. గొంతు ఇనపడితే చాలు.