నీ చెల్లెలి చదువు

లక్ష్మీ,

ఎన్నేళ్లకో వాన పడి పారిన వంక నిన్ను తీసుకుపోయి నేటికి ఏడాది. ఇప్పుడక్కడ ఉత్త ఇసుకే. అయినా నీ చెల్లెలు భాగ్య ఆ వంక దాటి బడికి పోనంటోంది. ఆ రోజు నీ చెయ్యి పట్టుకుని నడిచింది అదే కదా. కొట్టినా కదల్లేదు. ఇక ఇంట్లోనే నేర్పిద్దామనుకున్నాను.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో తెలియలేదు. మీ నాయన అనంతపురంలో రంగుబొమ్మల అక్షరాల పుస్తకం కొనుక్కొచ్చాడు. పంతులు రెండో తరగతి వాచకం పంపించాడు. భాగ్య రెండూ ముట్టుకోలేదు. ఈ పొద్దున తనే ట్రంకుపెట్టె తెరిచి, వంకలో దొరికిన నీ నాలుగో తరగతి వాచకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఎండబెట్టి దాచింది నేనే.

"ఇది పెద్ద చదువు పాపా, నీకు రాదు," అన్నాను.

"అక్క యాడికి నిలిపినాదో ఆడనుంచే చెప్పుమా," అంది.

వెతికితే నువ్వు చివరగా పెన్సిలుతో గీతలు పెట్టుకున్న పాఠం కనిపించింది. దాని తర్వాతి పాఠం తీశాను. అది నీకెవరూ చెప్పలేదు. అందుకే కాస్త గట్టిగా చదివాను.

మీ అమ్మ