మాంసం బల్ల మీద తెల్ల గ్లాసు

నెతన్యా

ప్రియమైన లీడియా చెల్లీ,

నీ కాలికట్టు ఎప్పుడు విప్పుతారో ఏమో గాని, నాకిక్కడ కాలు నిలవడం లేదు. వచ్చే మంగళవారం మా నోగా నిశ్చితార్థం. పిల్లాడు ఎలీషా బంగారం. వాళ్ళమ్మ ఫ్రీదా ఉంది చూశావూ, పోలండ్ మనిషి, మడీ ఆచారం ఎక్కువగా ఉండే బ్నే బ్రాక్‌లో ఉంటుంది. మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజే తిన్నగా వంటింట్లోకి నడిచి, "మాంసం గిన్నెలేవి, పాల గిన్నెలేవి?" అని ఒక్కోటీ తిరగేసి చూసింది. లిబియాలోని ట్రిపోలీ నుంచి వచ్చిన మనలాంటి యూదులకి మాంసం, పాలు కలిపి తినకూడదన్న ఆచారం కూడా తెలియదని ఆవిడ లెక్క కాబోలు. ఒళ్ళు మండిపోయింది, అయినా నోరు మూసుకున్నాను. ఈ సంబంధం తప్పిపోతే నా పిల్ల మళ్ళీ మనిషి కాదు.

విందులో గొర్రె మాంసం పెడుతున్నాను. బాదం షర్బత్ లేకుండా మన ఇంట్లో ఏ శుభకార్యం జరిగింది చెప్పు? అమ్మ చేతి పాకం నీకే అబ్బింది. రెండు సీసాలు పంపు.

నిద్రపట్టని మీ అక్క,
రుబీనా

బీర్షెబా

ప్రియమైన అక్కా,

కుర్చీలో కూర్చునే బాదం పొట్టు తీశాను. దంచింది మా ఆయన. "మీ అక్క కూతురి పెళ్ళికి నా భుజాలు పోవాలా?" అని ఒకటే సణుగుడు. సీసాలు ఆయనతోనే పంపుతున్నాను. చల్లటి నీళ్ళు కలిపి, చివర్లో నారింజ పూల నీళ్ళు చిలకరించు.

ఒక్కమాట మరిచిపోకు. కూజా పక్కన పళ్ళెం నిండా బాదం గింజలు పెట్టు. మాంసం బల్ల మీద తెల్లగా ఏది కనబడినా పాలే అనుకుంటారు. గింజలు చూస్తే ఎవరూ నోరెత్తరు. ఆవిడ నిన్నేం కొరుక్కు తినదు గాని, కాస్త స్థిమితంగా ఉండు.

ప్రేమతో నీ కుంటి చెల్లెలు,
లీడియా

నెతన్యా

లీడియా తల్లీ,

కొంప మునిగింది. పళ్ళెం నా చేతులతో నేనే పెట్టాను. మన ఖల్ఫో బాబాయ్ ఆ పక్కనే చేరి, అరక్ సారా తాగుతూ గింజలన్నీ కరకరా నమిలేశాడు. నేను మాంసం వడ్డిస్తూ చూసుకోలేదు. తలెత్తేసరికి ఫ్రీదా లేచి నిలబడి ఉంది. చేతిలో తెల్ల గ్లాసు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పదండి" అని మొగుణ్ణీ కొడుకునీ లేవదీసింది. "వదినా, అది పాలు కాదు, బాదం!" అని వెనకాలే పరిగెత్తాను. అప్పటికే టాక్సీ కదిలిపోయింది.

ఎలీషా మళ్ళీ రాలేదు. "నీ షర్బత్ నువ్వే తాగు" అని నోగా తలుపేసుకుంది. కిటికీ దగ్గరికి వెళ్తాను, వీధిలోకి చూస్తాను, మళ్ళీ వస్తాను. ఏం చెయ్యను చెప్పు?

దిక్కుతోచని
అక్క

బీర్షెబా

అక్కా,

కిటికీ దగ్గర తిరుగుతుంటే సంబంధం నడిచొస్తుందా? రెండో సీసా మిగిలే ఉంటుందిగా! గుప్పెడు గింజలూ రోలూ కూడా పట్టుకుని ఆవిడ గుమ్మంలోకి వెళ్ళు. కళ్ళముందే దంచి చూపించు. తిడితే తిట్టనీ. నా కాలు బాగుంటే నేనే వెళ్ళి కడిగేసి వద్దును.

వెంటనే వెళ్ళు.
లీడియా

నెతన్యా

ప్రియమైన చెల్లీ,

వెళ్ళాను. తలుపు తీసింది ఎలీషా. వాళ్ళమ్మ మంచం దిగడం లేదని ఇల్లు కదల్లేదట పాపం. ఆవిడ నన్ను చూసి గోడవైపు తిరిగిపోయింది. నేను నేల మీద కూర్చుని బాదం దంచాను, నీళ్ళు పోసి పిండాను. తెల్లగా దిగిన రసం చూసి లేచి కూర్చుంది. "ఇదేనా? పాలు కాదూ?" అంది. అంతే, ఏడుపు, మధ్యలో నవ్వు.

అసలు సంగతి విను. ఆవిడ నా మీద కోపంతో వెళ్ళలేదు. మాంసం తిన్నాక, రుచిగా ఉందని రెండు గ్లాసులు తాగేసిందట. "ఇదేమిటి?" అని అప్పుడు అడిగితే మన బాబాయ్, "పాలేనమ్మా, పొద్దున్నే పితికాం!" అన్నాట్ట. ఆయన వేళాకోళం మనకి తెలుసు గాని ఆవిడకేం తెలుసు? పాపం చేశానని బెంబేలెత్తి, ఇక నా ముఖం ఎలా చూడాలా అని పారిపోయిందట. అప్పట్నుంచి ఉపవాసం.

"తాగేముందే అడగొచ్చుగా వదినా?" అన్నాను.

"ఎవరింటికెళ్ళినా అడిగిగాని మంచినీళ్ళు కూడా ముట్టను రుబీనా," అంది నా చెయ్యి పట్టుకుని. "ఆ రోజు నీ గిన్నెలు చూశాక, నీ ఇంట్లో మాత్రం అడగాలనిపించలేదు."

నేనూ ఏడ్చేశాను, లీడియా.

మీ అక్క,
రుబీనా